పెట్రోలు ట్యాంకులో అడుగు తూము

చిత్తూరు సీమలో పుత్తూరు నాలుగు దారుల కూడలి. తిరుపతి నుండి రేణిగుంట మీదుగా వచ్చే రహదారి పుత్తూరును దాటి నగరి, తిరుత్తణిల మీదుగా చెన్నపట్టణానికి పోతుంది. కార్వేటినగరం వైపు ఒక దారి, నారాయణవనం మీదుగా నాగలాపురం వైపు మరొక దారి చీలిపోతాయి. 2022 ఏప్రిల్‌లో పుత్తూరు తిరుపతి జిల్లాలో చేరింది గాని, ఆ దారుల మీద జరిగే రాకపోకలు మాత్రం జిల్లాల సరిహద్దులతో నిమిత్తం లేకుండా సాగుతూనే ఉన్నాయి. మరమగ్గాల మీద నేసిన గుడ్డల మూటలు, మామిడికాయల గంపలు, పాల క్యానులు, బడికి పోయే పిల్లలు, పుత్తూరు కట్టు కోసం వచ్చే క్షతగాత్రులు - వీరందరినీ, వీటన్నింటినీ ఒకప్పుడు మోసినవి చిన్న చిన్న మోటారు సైకిళ్లు. ఆ బండ్లలో అధిక భాగానికి పెట్రోలు ఎంత ఉన్నదో చూపే ముల్లు లేదు. వేగం చూపే ముల్లు ఉండేది. అది కూడా కొన్నాళ్లకు పని చేయడం మానివేసేది. మరి ట్యాంకులో పెట్రోలు తరిగిపోతున్నదని నడిపేవానికి ఎలా తెలిసేది?

మూత తీసి లోపలికి తొంగి చూడడం ఒక పద్ధతి. బండిని అటూ ఇటూ ఊపి చప్పుడు వినడం రెండవది. ఈ రెండింటికీ బండి నిలిచి ఉండాలి. నడుస్తున్న బండి తనంత తానుగా హెచ్చరించే మూడవ పద్ధతి ఒకటి ఉన్నది. దానినే జనం "రిజర్వు" అన్నారు. "బండి రిజర్వులో పడింది" అనే మాట తెలుగునాట ఎంతగా వాడుకలోకి వచ్చిందంటే, జేబులో డబ్బు అయిపోవచ్చినప్పుడు కూడా ఆ మాటనే అనేవారు.

రిజర్వు అనగానే చాలామంది ట్యాంకు లోపల మరొక చిన్న ట్యాంకు ఉంటుందని, ఆపద సమయంలో దాని తలుపు తెరుచుకుంటుందని ఊహించుకుంటారు. ఇది పొరపాటు. ట్యాంకు ఒక్కటే, పెట్రోలు ఒక్కటే. తేడా అంతా పెట్రోలు బయటికి వచ్చే దారిలో ఉన్నది.

మన పల్లెల్లోని చెరువును తలచుకుంటే ఈ విషయం సులభంగా బోధపడుతుంది. కట్టకు ఎత్తులో ఒక తూము, అడుగున మరొక తూము ఉన్న చెరువును ఊహించండి. నీరు నిండుగా ఉన్నన్నాళ్లు పై తూము పారుతుంది. నీటిమట్టం దాని అంచు కంటె దిగువకు పోగానే పై తూము ఎండిపోతుంది. చెరువులో ఇంకా నీరున్నది. కాని అది పై తూముకు అందదు. అప్పుడు రైతు అడుగు తూము ఎత్తుతాడు. పై తూము ఎండడమే అతనికి కబురు. ఇక మిగిలిన నీటిని లెక్క చూసుకొని వాడుకోవాలని దాని అర్థం.

మోటారు సైకిలు ట్యాంకు అడుగున బిగించిన చిన్న కుళాయిలో ఇదే ఏర్పాటు ఉన్నది. మెకానిక్కులు ఆ కుళాయిని "కాక్" అంటారు. కాక్ నుండి ట్యాంకు లోపలికి నిటారుగా ఒక సన్నని గొట్టం లేచి ఉంటుంది. దాని పైకొన ట్యాంకు అడుగు కంటె కొన్ని సెంటీమీటర్ల ఎత్తున తెరుచుకొని ఉంటుంది. ఇది పై తూము. గొట్టం మొదట్లోనే, దాదాపు ట్యాంకు అడుగు మట్టంలో, మరొక రంధ్రం ఉంటుంది. ఇది అడుగు తూము. బయట ఉన్న పిడిని తిప్పితే, కాక్ లోపలి రబ్బరు బిళ్ల రంధ్రాలు ఈ రెండు దారులలో ఏదో ఒకదానిని కార్బురేటరుకు పోయే గొట్టంతో కలుపుతాయి. లేదా రెండింటినీ మూసివేస్తాయి. చాలా బండ్లలో పిడి కిందికి చూస్తుంటే మామూలు దారి, పైకి చూస్తుంటే రిజర్వు దారి, అడ్డంగా ఉంటే మూత. ఇందులో పంపు లేదు, విద్యుత్తు లేదు. ట్యాంకు కార్బురేటరు కంటె ఎత్తున ఉన్నది కాబట్టి భూమ్యాకర్షణ చేతనే పెట్రోలు కిందికి దిగుతుంది. పెట్రోలు దిగిన మేరకు లోపలికి గాలి పోవడానికి ట్యాంకు మూతలో ఒక సన్నని రంధ్రం ఉంటుంది. దుమ్ము చేరి అది పూడిపోతే, ట్యాంకు నిండా పెట్రోలు ఉన్నా బండి ఆగిపోతుంది. రిజర్వు తిప్పినా ప్రయోజనం ఉండదు. మూత ఒకసారి తెరిచి మూయగానే మళ్లీ నడుస్తుంది. ఈ రహస్యం తెలియక బండిని షెడ్డు దాకా తోసుకొని వచ్చిన వారు ఎందరో!

ఇప్పుడు నడుస్తున్న బండిని చూద్దాం. పెట్రోలు మట్టం నిలువు గొట్టం కొన కంటె దిగువకు జారింది. వెంటనే ఇంజను ఆగదు. కార్బురేటరు అడుగున ఉన్న చిన్న గిన్నెలో కొద్దిపాటి పెట్రోలు నిలువ ఉంటుంది. ఆ గిన్నెలో తేలే ఫ్లోటు, పెట్రోలు నిండగానే సూది వంటి కవాటాన్ని పైకి నెట్టి దారి మూస్తుంది. తరగగానే కిందికి దిగి దారి తెరుస్తుంది. పైనుండి ధార సన్నగిల్లిన తరువాత ఇంజను ఆ గిన్నెలోని దానితో కొన్ని వందల మీటర్లు పోగలదు. పిదప గాలి ఎక్కువై, పెట్రోలు తక్కువై, ఇంజను దగ్గుతుంది. బండి ఒక్కసారి ముందుకు, ఒక్కసారి వెనక్కు లాగినట్లవుతుంది. అలవాటు పడినవాడు ఆ మొదటి దగ్గుకే ఎడమ చేతిని కిందికి చాచి, చూపు దారి మీదనే నిలిపి, వేళ్లతో కాక్ తడిమి పిడి తిప్పేవాడు. గిన్నె మళ్లీ నిండడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఈ లోపల బండి తన ఊపుతో సాగుతూనే ఉండి, తిరిగి అందుకొనేది. వెనుక కూర్చున్నవారికి ఏం జరిగిందో కూడా తెలిసేది కాదు. కొత్తవాడైతే కంగారుపడి రహదారి నడుమనే నిలిచిపోయేవాడు. వెనుక లారీ వస్తున్నప్పుడు ఆ కొన్ని క్షణాలు ఎంత విలువైనవో వేరుగా చెప్పనక్కరలేదు.

రిజర్వులో ఎంత పెట్రోలు ఉంటుంది? ఇది గొట్టం ఎత్తును, ఆ ఎత్తు వరకు ట్యాంకు వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. ఉదాహరణకు ట్యాంకు అడుగు భాగం సుమారు 500 చదరపు సెంటీమీటర్లు, నిలువు గొట్టం ఎత్తు 3 సెంటీమీటర్లు అనుకుందాం. రెండింటినీ గుణిస్తే 1500 ఘన సెంటీమీటర్లు, అనగా ఒకటిన్నర లీటరు. లీటరుకు 50 కిలోమీటర్లు నడిచే బండి దీనితో 75 కిలోమీటర్లు పోవాలి. పుత్తూరు నుండి తిరుపతి సుమారు 35 కిలోమీటర్లు. కాగితం మీద లెక్క ప్రకారం రిజర్వులో పడిన బండి తిరుపతికి పోయి తిరిగి రావచ్చు. కాని కాగితం మీది ట్యాంకు వేరు, బండి మీది ట్యాంకు వేరు.

మోటారు సైకిలు ట్యాంకును విప్పి బోర్లించి చూస్తే దాని అడుగు చదునుగా ఉండదని తెలుస్తుంది. బండి వెన్నెముక వంటి ఇనుప దూలం మీద అది జీనులాగా కూర్చుంటుంది. అందుచేత ట్యాంకు అడుగు నడుమ ఒక గట్టు లేచి, ఇరువైపులా రెండు పల్లాలు ఏర్పడతాయి. మట్టం గట్టు కంటె దిగువకు పోయిన తరువాత ఎడమ పల్లంలోని పెట్రోలు ఎడమనే, కుడి పల్లంలోనిది కుడిననే ఉండిపోతాయి. కొన్ని బండ్లలో ఈ రెండింటినీ కలిపే చిన్న గొట్టం పెట్టారు గాని చాలావాటిలో అది లేదు. కాక్ ఎడమవైపున ఉంటే కుడి పల్లంలోని పెట్రోలు దానికి అందదు. గతుకుల దారిలో ఎగిరిపడి కొంత ఇవతలికి వస్తుంది. మిగిలినది అక్కడే దాగి ఉంటుంది. రిజర్వు కూడా అయిపోయి బండి ఆగినప్పుడు అనుభవజ్ఞులు దిగి, బండిని కాక్ ఉన్న వైపుకు బాగా వంచి, కొంతసేపు అలాగే పట్టుకొని నిలిపేవారు. గట్టు దాటి వచ్చిన ఆ గుక్కెడు పెట్రోలుతో బండి మరికొంత దూరం పోయేది. బజాజ్ చేతక్ స్కూటరును ఉదయం పూట ఒక ప్రక్కకు వంచి, మళ్లీ నిలబెట్టి కిక్కు కొట్టే దృశ్యం 1980, 1990 దశకాలలో ప్రతి వీధిలోనూ కనిపించేది. అక్కడ కారణాలు వేరు కావచ్చు. కాని వంచితే బండి దారికి వస్తుందన్న నమ్మకం మాత్రం అందరిలోనూ స్థిరపడిపోయింది.

దారి వాలు కూడా ఈ లెక్కను మారుస్తుంది. సాధారణంగా కాక్ ట్యాంకు వెనుక భాగంలో ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు పెట్రోలు వెనక్కు చేరి కాక్‌కు అందుతుంది. దిగేటప్పుడు ముందుకు జారిపోతుంది. తిరుమల నుండి దిగువకు వచ్చే కనుమదారిలో, పెట్రోలు అడుగంటిన పాత బండి దగ్గడానికి ఇదే కారణం. సమతలం మీదికి రాగానే అదే బండి ఏమీ ఎరుగనట్లు నడుస్తుంది. దిగుడు దారిలో ఇంజను దగ్గినప్పుడు కంగారుపడి క్లచ్చి నొక్కిపెట్టరాదు. గేరులో ఉన్న ఇంజను బండి వేగాన్ని కొంత పట్టి ఉంచుతుంది. క్లచ్చి నొక్కితే ఆ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది.

ఇంతవరకు చెప్పినదంతా యంత్రానికి సంబంధించినది. ఈ ఏర్పాటులో యంత్రం చేయలేని పని ఒకటి ఉన్నది. పెట్రోలు పోయించుకొన్న తరువాత పిడిని రిజర్వు నుండి మళ్లీ మామూలు స్థానానికి మనిషే తిప్పాలి. తిప్పకపోతే ఏమవుతుంది? ఆ రోజు ఏమీ కాదు. మరునాడూ ఏమీ కాదు. బండి చక్కగా నడుస్తుంది. పెట్రోలు అడుగు తూము గుండానే పారుతూ, పై తూము ఎండవలసిన మట్టాన్ని చప్పుడు లేకుండా దాటిపోతుంది. దగ్గు రాదు, హెచ్చరిక రాదు. చివరి బొట్టు దాకా నడిచి, ఏదో ఒక చోట ఆగిపోతుంది. ఆ చోటును మనం ఎంచుకోలేము.

1980వ దశకం చివరలో మా ఇల్లు నారాయణవనానికి ఆవల, కైలాసకోన దారిలోని ఒక పల్లెలో ఉండేది. నేను ఎనిమిదవ తరగతి చదువుతున్నాను. ఒకనాటి సాయంకాలం మా తమ్ముడు చింతచెట్టు మీది నుండి పడి ముంజేయి విరగ్గొట్టుకొన్నాడు. చేయి మధ్యలో వంకర తిరిగి ఉండడం చూచి మా అమ్మ నోట మాట రాలేదు. పాత తువ్వాలు చించి చేతిని మెడకు వేలాడదీసింది. మా సీమలో ఎముక విరిగితే పోయే చోటు ఒక్కటే, పుత్తూరు. మా నాన్నగారు బండి తీశారు. ఆయన ముందు, తమ్ముడు నడుమ, వాడిని ఒడిసి పట్టుకొని నేను వెనుక. గతుకు వచ్చినప్పుడల్లా వాడు కేక పెట్టేవాడు. నారాయణవనం ఇంకా రాలేదు. చీకటి పడింది. ఇంజను దగ్గింది. మా నాన్నగారి ఎడమ చేయి అలవాటుగా కిందికి పోయింది. అంతలోనే ఆ చేయి ఆగిపోయింది. పిడి అప్పటికే పైకి తిరిగి ఉన్నది.

ఐదారు రోజుల కిందట ఆయన పుత్తూరులో రెండు లీటర్లు పోయించారు. తిప్పడం మరచిపోయారు. అంతే.

బండి ఆగింది. ఆయన ఏమీ అనలేదు. మమ్మల్ని దించి, బండిని ఎడమవైపుకు నేల మీదికి ఆనేంతగా వంచి పట్టుకొన్నారు. ట్యాంకులో గుడగుడమని చప్పుడు వినిపించింది. నిలబెట్టి కిక్కు కొట్టగా నాలుగోసారికి అందుకొన్నది. ఆ గుక్కెడుతో నారాయణవనం పొలిమేర దాకా వచ్చాం. అక్కడ మళ్లీ ఆగింది. ఒక సైకిలు కొట్టు వద్ద సీసాలలో పెట్రోలు పోసి అమ్మేవారు. కొట్టు మూసి ఉన్నది. ఆ ఇంటి తలుపు తట్టి, "అన్నా, పిల్లోడికి చెయ్యి ఇరిగింది, ఒక్క సీసా ఇయ్యి" అని అడిగిన మా నాన్నగారి గొంతు నాకు నేటికీ జ్ఞాపకం. ఆయన ఎవరినీ అలా అడగడం నేను అంతకుముందు వినలేదు. కొట్టు యజమాని దీపం పట్టుకొని వచ్చి, సీసా తానే ట్యాంకులో వంచి, డబ్బు సంగతి రేపు చూద్దామన్నాడు. ఆ రాత్రి పుత్తూరులో తమ్ముని చేతికి ఎముక సరిచేసి, ఆకు పసరు, గుడ్డు సొన పట్టించిన గుడ్డ చుట్టి, వెదురు బద్దలతో కట్టు కట్టారు. చేయి చక్కగానే అతుక్కొన్నది. అయితే దారిలో గడిచిన ఆ గంటసేపు వాడు పడిన బాధకు ఏ లోపమూ లేని ఒక యంత్రమే కారణమైంది. నాటి నుండి మా నాన్నగారు బంకులో ట్యాంకు మూత తెరవడానికి ముందే పిడి తిప్పేవారు. పోయించుకొన్న తరువాత తిప్పుదామనుకొంటే చిల్లర లెక్కలో పడి మరచిపోతామని ఆయన అనేవారు.

ఈ మరపు మా ఇంటికే పరిమితమైనది కాదు. ఈ రకమైన ఏర్పాటు కూడా మన దేశానికే పరిమితమైనది కాదు. పూర్వపు బ్రిటిష్ మోటారు సైకిళ్లు కొన్నింటికి ట్యాంకు కింద ఇరువైపులా రెండు కుళాయిలు ఉండేవి. ఒకటి తెరిచి నడిపి, అది ఎండిన తరువాత రెండవది తెరిచేవారు. జర్మనీలో తయారైన ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారులో 1960 దశకం ఆరంభం వరకు పెట్రోలు ముల్లే లేదు. కాలితో తిప్పే రిజర్వు మీట ఉండేది. మద్రాసు తిరువొత్తియూరులో తయారైన బుల్లెట్లు, మైసూరు నుండి వచ్చిన జావా, యెజ్డీలు, ఫరీదాబాదు రాజ్‌దూత్‌లు, 1980 దశకంలో జపాను సంస్థల సహకారంతో వచ్చిన 100 సి.సి. బండ్లు - అన్నీ ఈ కాక్ మీదనే నడిచాయి. వాటిలో హీరో హోండా వారి ప్రకటన ప్రసిద్ధమైనది: ట్యాంకు నింపి, మూత మూసి, ఇక ఆ సంగతి మరచిపొమ్మని అది చెప్పేది. మైలేజి విషయంలో ఆ మాట నిజమే. పిడి విషయంలో మాత్రం మరచిపోవడమే అసలు ముప్పు!

రిజర్వుకు మరొక చిక్కు కూడా ఉన్నది. చెరువు అడుగున పూడిక చేరినట్లే ట్యాంకు అడుగున తుప్పు, మన్ను, నీరు చేరుతాయి. పెట్రోలు నీటి కంటె తేలిక కాబట్టి, ఐప్పసి కార్తీక మాసాల వానలలో మూత సందు నుండి దిగిన నీరు అడుగునే నిలుస్తుంది. ఏడాది పొడుగునా పై తూముతోనే నడిపిన బండి, ఒకనాడు అవసరమై రిజర్వులో పడగానే ఈ మురికినంతటినీ ఒక్కసారిగా తాగుతుంది. అందుచేత అప్పుడప్పుడు కొంత దూరం రిజర్వులో నడపమనీ, ఏడాదికి ఒకసారైనా ట్యాంకు కడగమనీ మెకానిక్కులు చెప్పేవారు. ఇప్పటి పెట్రోలులో ఈ సమస్య మరొక రూపం దాల్చింది. మన దేశంలో పెట్రోలులో ఇథనాలు పాలు 2025 నాటికి 20 శాతానికి చేరింది. ఇథనాలు తేమను పీల్చుకొంటుంది. నీరు ఒక పరిమితిని మించితే ఇథనాలు, నీరు కలిసి పెట్రోలు నుండి విడివడి అడుగుకు దిగుతాయి. నెలల తరబడి కదలకుండా ఉన్న పాత బండిలో రిజర్వు దారికి మొదట అందేది ఈ పొరే. దానితో ఇంజను నడవదు. కాక్ లోపలి పాత రబ్బరు బిళ్లలు కూడా ఇథనాలు తాకిడికి త్వరగా పాడవుతాయి. బిళ్ల అరిగితే పిడి మామూలు స్థానంలో ఉన్నప్పుడే అడుగు తూము కూడా కారుతుంది. మనిషి మరచిపోకపోయినా రిజర్వు మాయమవుతుంది. నిలువు గొట్టం మొదట్లో విరిగినా ఫలితం అదే. పాత బండి కొనేవారు రంగు, చక్రాలు చూస్తారు; కాక్ విప్పి చూచేవారు అరుదు.

2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 ఉద్గార నియమాలు అమలులోకి వచ్చాయి. వాటితో కొత్త బండ్లలో కార్బురేటరు స్థానాన్ని ఫ్యూయల్ ఇంజెక్షన్ ఆక్రమించింది. ఇందులో ట్యాంకు లోపలి విద్యుత్తు పంపు పెట్రోలును ఒత్తిడితో పంపుతుంది. నిలువు గొట్టం లేదు, పిడి లేదు. ట్యాంకులో తేలే ఒక ఫ్లోటు, మట్టాన్ని బట్టి విద్యుత్ నిరోధాన్ని మార్చి, ముల్లును గాని గీతలను గాని కదిలిస్తుంది. ఒక మట్టం కిందికి పోగానే దీపం వెలుగుతుంది. ఆ దీపాన్ని చూచి కూడా ఇరవై, ముప్పై కిలోమీటర్లు నడిపేవారు ఉన్నారు. పంపు పెట్రోలులో మునిగి ఉంటేనే చల్లబడుతుంది కనుక ఇలా తరచు చేస్తే పంపు పాడవుతుంది. పాత బండి దీపం వెలిగించేది కాదు. నోరు తెరిచి దగ్గి, నిలిచిపోయేది. దానిని చూడనట్లు నటించడానికి వీలుండేది కాదు. చేయి చాచి పిడి తిప్పిన క్షణం నుండి ఎన్ని కిలోమీటర్లు వచ్చామో, బంకు ఎంత దూరమో నడిపేవాని మనస్సు లెక్కపెడుతూనే ఉండేది.

పుత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో ఆ బండ్లు కొన్ని ఇంకా తిరుగుతున్నాయి. మా తమ్ముని వద్ద మా నాన్నగారి బండి ఉన్నది. దాని కాక్ మూడు సార్లు మార్చారు. వాడు బంకులో ఆగినప్పుడు ముందు ఎడమ చేయి కిందికి పోతుంది. తరువాతనే మూత తెరుస్తాడు.